ఇరవయ్యొకటో రోజు భోజనాలు

సోమవారం పొద్దున్న ఏడు గంటలకి లావణ్య ఒక చీటీ రాసి భర్త చొక్కా జేబులో పెట్టింది. నువ్వులు అరకిలో, అవిసె గింజలు పావుకిలో, గుమ్మడి గింజలు పావుకిలో, మంచి నెయ్యి, మునగాకు రెండు కట్టలు. అన్నిటికన్నా కింద, ఎర్ర సిరాతో, "గురువారం తొమ్మిది గంటలకి కొట్టుకి వెళ్ళకూడదు" అని ఉంది. లావణ్య ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఏ విషయాన్నయినా వరస నంబర్లు వేసి చెబితే గాని ఆవిడకి తృప్తి ఉండదు.

"నెలసరి మొదలై ఇవాళ పద్దెనిమిదో రోజు. గురువారానికి ఇరవయ్యొకటి. ల్యాబ్ నుంచి తారక్ గారని ఒకాయన ఇంటికొచ్చి రక్తం తీసుకుంటారు. పదింటికి వాళ్ళ బండి వైజాగ్ వెళ్ళిపోద్ది. పోయిన నెల సరిగ్గా ఆ రోజే పెళ్ళని నన్ను బుచ్చయ్యపేట లాక్కెళ్ళేరు. ఈసారి తప్పిందంటే మళ్ళీ నెల. నేనింక ఆగలేనండీ."

"తప్పదు. నాను సూసుకుంతాను కదా" అన్నాడు త్రినాధరావు.

"ఇంకో మాట. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు. మరీ ముఖ్యంగా కోటవురట్ల అత్తయ్యకి."

త్రినాధరావు తల ఊపాడు. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేకపోవడంతో బంధువుల్లో ప్రతివాళ్ళూ లావణ్యకి ఏదో ఒక సలహా ఇచ్చిన వాళ్ళే. ఒకావిడ ఏదో చెట్టు వేరు తినమంటే ఇంకొకావిడ ఆ చెట్టు చుట్టూ తిరగమంది. ఆ సలహాల జాబితాలోకి తన రక్తపరీక్ష కూడా చేరడం లావణ్యకి ఇష్టం లేదు.

నిజానికి ఏడాదిగా ఆవిడకి నెలలో ఒక వారం బాగుండడం లేదు. నెలసరికి అయిదు రోజుల ముందే మరకలు కనబడేవి. నిద్ర పట్టేది కాదు. తల పగిలిపోయేది, ఛాతీ బరువెక్కి సలిపేది. ఉప్మాలో ఆవాలు ఎక్కువయ్యాయని వెక్కి వెక్కి ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. త్రినాధరావు పాపం ఆ ఏడుపు తన వల్లనే అనుకుని, చేసిన తప్పేమిటో తెలియకపోయినా నెలనెలా క్షమాపణలు చెప్పుకుంటూ వచ్చాడు. చివరికి లావణ్యే తేదీలన్నీ కాగితం మీద వేసి, ఈ పాడు వారం మొగుడి ప్రవర్తనని బట్టి కాకుండా క్యాలెండరుని బట్టి వస్తోందని తేల్చింది. ఆ మాట విన్నప్పుడు త్రినాధరావుకి కోర్టులో కేసు కొట్టేసినంత సంతోషం కలిగింది.

డాక్టర్ ఉషశ్రీ ఆ కాగితం చూసి మెచ్చుకున్నారు. "ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తక్కువైతే ఇలా ఉండొచ్చు. థైరాయిడ్ వల్ల కావొచ్చు, ఇంకేదైనా కావొచ్చు. ఊహలెందుకు, ఇరవయ్యొకటో రోజున రక్తం చూద్దాం. ఈలోగా తొమ్మిదికల్లా పడుకో. కాఫీ తగ్గించు. నువ్వులూ గింజలూ తింటానంటే తిను, మంచి తిండే, కాని అవే మందనుకుని కూర్చోకు" అన్నారు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. చిక్కల్లా త్రినాధరావుతోనే. అతను అబద్ధం ఆడలేడు. అలాగని నిజం పూర్తిగా చెప్పనూ లేడు. అందులోనూ ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడాల్సి వస్తే, సగం మాట గొంతులో ఉండిపోయి సగమే బయటికొస్తుంది. బెల్లం గురించైతే పాకం రంగు నుంచి దిమ్మ బరువు దాకా గంట సేపు మాట్లాడగల మనిషి.

బెల్లం మార్కెట్టులో వేలంపాట అయిపోయాక, పక్క కొట్టు నానాజీ వచ్చి అతని బల్ల మీద కూర్చున్నాడు. నానాజీ చూపు తిన్నగా సంచీ మీద పడింది.

"ఏటి బావా, అన్ని నువ్వులు?"

"లావణ్యకి."

"ఏటి, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. బలానికని. పొద్దున్న నువ్వులుండ, మజ్జాన్నం మునగాకు, నెయ్యి. కాఫీ మానిపించేసేరు డాక్టరు గారు. పెందలాడే పడుకోమన్నారు."

నానాజీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇద్దరు పిల్లల తండ్రి కాబట్టి ఈ తిండి ఎవరికి పెడతారో అతనికి బాగా తెలుసు. అయినా ఆత్రపడకుండా, "గురువారం పాటకి వత్తన్నావా?" అని అడిగాడు.

"రాను. ఇంట్లో చిన్న పనుంది."

"గురువారం ఏటి పని బావా?"

త్రినాధరావు నేల చూపులు చూశాడు. "ఇరవయ్యొకటో రోజు" అన్నాడు.

అనకాపల్లిలో ఇరవయ్యొకటో రోజున జరిగే పని ఒకటే. తొట్టె కట్టి, బియ్యంలో పేరు రాసి, బంధువులకి భోజనాలు పెట్టడం. నానాజీ బల్ల మీంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. దిష్టి తగులుతుందని కడుపుతో ఉన్న సంగతి అయిదో నెల దాకా దాచిన వాళ్ళని అతను చూశాడు. కని ఇరవై రోజులైనా దాచుకున్న వాళ్ళని చూడడం ఇదే మొదలు. లావణ్యని తను చూసి ఏడాది దాటింది కదా, ఏమో, అయ్యుండొచ్చు! ఇంత జాగ్రత్తగా దాచిన దాన్ని మొహం మీద అడగడం మర్యాద కాదు కాబట్టి అతను కూడా గొంతు తగ్గించాడు.

"అంతా బాగేనా బావా?"

"బాగానే ఉంది. కొంచెం తక్కువుందేమోనని డాక్టరు గారి అనుమానం."

"తక్కువుంటే ఏటయింది? మా ఇంట్లోనూ రెండోసారి తక్కువే. ఆర్నెల్లు తిరక్కుండా అదే పెరిగిపోయింది. ఎవరి పోలిక?"

"వాళ్ళమ్మ పోలికే అంట. ఆవిడకీ ఇలాగే ఉండీదంట."

నానాజీ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంత సున్నితమైన మనిషిని పక్కన పెట్టుకుని పదేళ్ళ బట్టీ బెల్లం ధరలు మాత్రమే మాట్లాడుకున్నామే అని త్రినాధరావు మనసులో బాధపడ్డాడు.

మధ్యాహ్నం రెండింటికి కోటవురట్ల నుంచి ఫోను వచ్చింది. నూకరత్నం త్రినాధరావు మేనత్త. అతని రెండో ఏట తల్లి పోతే తీసుకెళ్ళి పెంచింది ఆవిడే. సొంత పిల్లలు లేరు. ఆరెకరాల చెరకూ, నాలుగు గేదెలూ, ఊళ్ళో సగం మంది మీద పెత్తనమూ ఉన్నాయి. మోకాలి ఆపరేషనయ్యాక ఏడాదిగా అనకాపల్లి రాలేదు.

"ఒరే తిర్నాదా! నాను సచ్చిపోయేననుకున్నావేటిరా?"

"అయ్యో, అదేటి అత్తా!"

"నానాజీ ఫోన్ సేసి మంచి మాట సెప్పేడు గాబట్టి తెలిసింది. గిన్నెడు పాలు పట్టి పెంచిన దాన్ని, నాను పరాయిదాన్నయిపోయేనేటి?"

నానాజీ సున్నితత్వం మీద త్రినాధరావుకున్న గౌరవం అక్కడితో సరి. అత్తకి తెలిసిపోయింది. ఇక దాచి లాభం లేదు. "లావణ్యే ఎవరికీ సెప్పొద్దంది అత్తా" అన్నాడు.

"ఆ పిల్ల భయం నాకు తెల్దేటి? ఆరేళ్ళు ఊరోళ్ళ నోళ్ళల్లో నలిగింది. పోన్లే. గురువారమేనా?"

"అవును. తొమ్మిదింటికి."

"ఆ టయిం ఎవరెట్టేరు?"

"డాక్టరు గారే."

"డాక్టర్లే ముహూర్తాలెట్టేత్తన్నారు! సర్లే, నాను వత్తన్నాను."

"మోకాలు నొప్పితో ఎందుకత్తా? పది నిముషాల పని. ఒకాయన వత్తాడు, కానిచ్చేసి ఎల్లిపోతాడు."

"పది నిముసాలా? ఆరేళ్ళకి ఒకపాలి వచ్చినదాన్ని పది నిముసాల్లో కానిచ్చేత్తావేటిరా, పిసినారి ఎదవా! నువ్వేటీ ముట్టుకోకు. అంతా నాను సూసుకుంతాను. ఆ పిల్లకి సెప్పకు, కంగారు పడతాది."

"సరే అత్తా."

ఫోను పెట్టేశాక త్రినాధరావు చాలాసేపు ఆలోచించాడు. అత్తకి చెప్పొద్దని భార్య అంది. భార్యకి చెప్పొద్దని అత్త అంది. ఇద్దరి మాటా దక్కించడం ఎలాగని చూస్తే, ఎవరితోనూ ఏమీ మాట్లాడకపోవడమే దారిగా కనబడింది. ముసలావిడ వచ్చి ఓ మూల కూర్చుని, సూది గుచ్చేటప్పుడు లావణ్య చెయ్యి పట్టుకుంటే తప్పేముంది అని కూడా సర్దుకున్నాడు.

బుధవారం సాయంత్రం నాలుగింటికి టెంట్ హౌస్ తాతబ్బాయి ఆటోలో యాభై కుర్చీలు, రెండు బల్లలు, ఒక మైకు సెట్టు దింపాడు. "కోటవురట్ల నూకరత్నమ్మ గారు పంపించేరండి" అని చెప్పి, సమాధానానికి ఆగకుండా వెళ్ళిపోయాడు. త్రినాధరావు అత్తకి ఆరుసార్లు ఫోను చేశాడు. ఆవిడ ఎత్తలేదు. రక్తపరీక్షకి మైకు ఎందుకో అతనికి అంతుపట్టలేదు. గాభరాగా అన్నీ డాబా మీదికి మోసి టార్పాలిన్ కప్పుతుండగా స్కూలు నుంచి లావణ్య వచ్చింది.

"ఏంటవి?"

"కుర్చీలు."

"ఎవరివి?"

"తాతబ్బాయివి."

"పై వాటా వాళ్ళింట్లో ఏదైనా ఫంక్షనా?"

త్రినాధరావు టార్పాలిన్ అంచు సరిచేస్తూ ఉండిపోయాడు. లావణ్య అలసిపోయి ఉంది కాబట్టి దాన్నే సమాధానం కింద తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరు చెప్పినట్టు తొమ్మిదికల్లా పడుకుంది. త్రినాధరావు మాత్రం పడుకున్నాడే గాని నిద్రపోలేదు.

గురువారం పొద్దున్న ఏడున్నరకి వీధిలో రెండు వ్యాన్లు ఆగాయి. మొదటి వ్యాన్లోంచి నూకరత్నం, పట్టుచీర కట్టుకుని, కర్ర ఊతంతో దిగింది. వెనకాలే పంతులు గారు, ఆ వెనక రంగు కాగితాలు చుట్టిన చెక్క తొట్టె, దాని వెనక పద్దెనిమిది మంది ఆడవాళ్ళు దిగారు. రెండో వ్యాన్లో వంటవాళ్ళు, బూరెల మూకుడు, మాకవరపాలెం చుట్టాలు. నానాజీ అప్పటికే పెళ్ళాం పిల్లలతో గేటు దగ్గర నిలబడి, వచ్చిన వాళ్ళందరికీ తనే ముందు కనిపెట్టానని చెబుతున్నాడు.

లావణ్య తల స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. ఆవిడ నోరు తెరిచేలోగా నూకరత్నం వాటేసుకుంది. "ఓలమ్మా, తల తడిగా ఉందే! గాలి తగిలిపోద్దే! పట్టండే దీన్ని!" అంది. నలుగురు ఆడవాళ్ళు లావణ్యని అమాంతం పడకగదిలోకి తీసుకెళ్ళి, చెవుల్లో దూది పెట్టి, తలకి ఉన్ని గుడ్డ చుట్టి, సాంబ్రాణి పొగ వేశారు.

"అయ్యో, నాకేం కాలేదు! ఎవరు మీరంతా? అత్తయ్యా, వినండి!"

"గట్టిగా మాటాడకే, పచ్చి ఒళ్ళు" అని ఒకావిడ నోటి మీద వేలు పెట్టింది. మాకవరపాలెం వాళ్ళిద్దరు గుమ్మానికి అడ్డంగా కుర్చీలు వేసుకుని కాపలా కూర్చున్నారు.

హాల్లో పంతులు గారు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరం అడిగారు. తొట్టెకి పూలు కట్టారు. అప్పటికి గాని త్రినాధరావుకి విషయం తలకెక్కలేదు. ఎక్కగానే అత్త దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"అత్తా... లేదు."

"ఏటి లేదు?"

"అదే... ఇంకా... లేదు."

"ఇంకా లెగలేదా? పడుకోనీరా, పిల్లలు నిద్దర్లోనే పెరుగుతారు. ఎవరూ గట్టిగా మాటాడకండే, బిడ్డ పడుకుంది!"

నలభై మంది ఒక్కసారి గొంతు తగ్గించారు. పిల్లల చెప్పులు విప్పించారు. వంటవాడు గరిటె చప్పుడు కాకుండా బూరెలు తియ్యడం మొదలుపెట్టాడు. త్రినాధరావు ఇంకో రెండుసార్లు ప్రయత్నించాడు. "అది కాదత్తా" అన్నాడు, "అసలు సంగతేటంటే" అన్నాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు నోటి మీద వేలు పెట్టి చూపించారు.

తొమ్మిదికి అయిదు నిముషాలుండగా తారక్ వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు, చేతిలో నీలం రంగు చల్లపెట్టె. నూకరత్నం ఆ పెట్టె చూసి, "బిడ్డకి సూది మందా నాయినా? ముందు తొట్లో ఎయ్యనీ, ఆనక పొడుద్దువు గాని. కూకో, టిపిను తిను" అంది.

"టైం లేదండి, పేషెంటు ఎక్కడ?"

"తల్లీ బిడ్డా లోపలున్నారు. ఇడ్లీలా, పూరీలా?"

తారక్ మంచివాడే గాని పొద్దున్నే అయిదు గంటలకి బయల్దేరిన మనిషి. పూరీల వాసనకి లొంగిపోయాడు. మొదటి పూరీ తినేసరికి తొమ్మిదీ పది. నాలుగోది తినేసరికి తొమ్మిదీ పాతిక. అప్పుడు గడియారం చూసుకుని ఉలిక్కిపడి లేచాడు.

"అయ్యబాబోయ్, ఇంకో రెండిళ్ళున్నాయి. మీ ఫంక్షను అయ్యాక వచ్చే నెల చూద్దాం లెండి" అని పెట్టె తీసుకుని స్కూటరు దగ్గరికి నడిచాడు.

పడకగది కిటికీలోంచి ఉన్ని గుడ్డ చుట్టిన తల ఒకటి బయటికొచ్చింది. "ఏమండీ! ఆయన్ని ఆపండి! మీకు దణ్ణం పెడతాను, ఆపండి!" అని లావణ్య అరిచింది. ఇంకో నెల. ఇంకో నిద్రలేని వారం. ఆ గొంతులో అది విన్నాక త్రినాధరావుకి లోపల ఏదో తెగింది.

అతను పరుగెత్తి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ముహూర్తం దాటిపోతోంది, ఇక బిడ్డని లేపాలని అప్పుడే వేసిన సన్నాయి టేపు మోతలో ఒక్కరికీ వినబడలేదు. పక్కనే బల్ల మీద, డాబా మీంచి దింపిన మైకు సెట్టుంది. టేపు వైరు పీకేసి, మైకు అందుకున్నాడు.

"బిడ్డ లేదు!" అన్నాడు. వీధి వీధంతా వినబడింది. "పుట్టలేదు. మా ఆవిడకి ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తక్కువుందేమోనని డాక్టరు గారి అనుమానం. నెలసరికి అయిదు రోజుల ముందే మరకలు కనపడతన్నాయి. నిద్దర లేదు. తలపోటు. ఛాతీ సలుపు. ఊరికే ఏడుపొత్తాది, అది నా తప్పు కాదు. నెలసరి మొదలైన కాడి నుంచి లెక్కెడితే ఇయ్యాల ఇరవయ్యొకటో రోజు. ఈ రోజే రక్తం తీసి సూడాల. ఈయన రక్తం తీసీ మనిషి. ఈయన్ని తిననిచ్చేరు గాని పని సెయ్యనివ్వలేదు. అంతే. ఇందులో సిగ్గేటీ లేదు. నాకుంది, అయినా సెప్పేను."

వీధి చివర పాల ఎర్రయ్య సైకిలు ఆపి విన్నాడు. మేడల మీద బట్టలారేస్తున్న వాళ్ళు ఆరేయడం మానేశారు. నానాజీ మెల్లగా వంటవాళ్ళ వెనక్కి జరిగాడు.

నూకరత్నం కర్ర మీద రెండు చేతులూ ఆన్చి నిలబడింది. ఆవిడ తిట్టబోతోందని అందరూ అనుకున్నారు.

"ముందే మరకలు కనపడతాయా?" అంది, చిన్న గొంతుతో.

"అవునత్తా."

"నాకూ అలాగే ఉండీది. మూడుసార్లు నిలిసింది, మూడుసార్లూ పోయింది. గాలి సోకిందన్నారు. శాపమన్నారు. నూకాలమ్మ తల్లికి మొక్కు మరిసిపోయేవన్నారు. మీ మావయ్య పోయేవరకూ ఆ మొక్కేటో గుర్తు తెచ్చుకుంతానే ఉన్నాడు. దీనికో పేరుంతాదని ఒక్కడూ సెప్పలేదు." ఆవిడ తారక్ వైపు తిరిగింది. "ఆ పేరు మళ్ళీ సెప్పు నాయినా."

"ప్రొజెస్టిరాన్ అండి."

ఈలోగా కాపలావాళ్ళని తోసుకుని లావణ్య బయటికొచ్చింది. చెవిలో దూది తీసేసి, "మీది అదే అవునో కాదో ఇప్పుడు చెప్పలేం అత్తయ్యా" అంది మెల్లగా.

"కాపోనీయే. ఎతుక్కోడానికి ఓ పేరంటూ ఉంటే సాలును." నూకరత్నం పమిటతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. మరుక్షణం కర్ర ఎత్తి నేల మీద కొట్టింది. "ఏటలా సూత్తారు? వచ్చింది పేరెట్టడానికే కదా! కుర్చీ ఎయ్యండి దానికి. పంతులు గారూ, రాయండి. ప్రొజెస్టిరాన్."

పంతులు గారు ఉంగరం పట్టుకుని తటపటాయించారు. "ఆడపిల్ల పేరా అమ్మా, మగపిల్లాడి పేరా?"

"తక్కువైతే ఏడిసేది ఆడోళ్ళే. ఆడపిల్లదే."

పంతులు గారు బియ్యంలో రాయడం మొదలుపెట్టారు. 'ప్రొజె' దగ్గరికొచ్చేసరికి పళ్ళెం నిండిపోయింది. ఇంకో పళ్ళెం తెప్పించారు. లావణ్య తొట్టె పక్కన కుర్చీలో కూర్చుని చెయ్యి చాచింది. ముత్తయిదువులు ఆ చేతికి పసుపు రాయబోతే తారక్ స్పిరిట్ దూది అడ్డం పెట్టి కాపాడుకున్నాడు. నూకరత్నం రెండో చెయ్యి పట్టుకుంది. మంగళహారతి పాడుతుండగా సూది దిగింది, రక్తం గొట్టంలోకి వచ్చింది.

తారక్ ఆ గొట్టం మీద పేరు చీటీ అంటిద్దామని పక్కకి తిరిగాడో లేదో, మాకవరపాలెం పెద్దావిడ ఒకావిడ "ఇలాగియ్యి నాయినా" అని దాన్ని అందుకుని, పట్టుగుడ్డలో చుట్టి తొట్టెలో పడుకోబెట్టింది. ఎంతో దూరం నుంచి జోలపాట ప్రాక్టీసు చేసుకుని వచ్చిన వాళ్ళు ఊరుకోరు కదా. పాట అందుకుని తొట్టె ఊపారు.

"అమ్మా! ఊపకండమ్మా!" తారక్ కెవ్వుమన్నాడు. "అలా కుదిపితే సేంపిల్ పాడైపోద్ది! వైజాగ్ వాళ్ళు తీసుకోరు!"

"నెమ్మదిగా ఊపండే" అని సర్దిచెప్పింది నూకరత్నం.

గొట్టం తీసి చూస్తే ఎర్రటి నురగ. తారక్ నెత్తి కొట్టుకున్నాడు. లావణ్య రెండో చెయ్యి చాచింది. ఈసారి గొట్టం నిండగానే త్రినాధరావు దాన్ని తన చేతుల్తో చల్లపెట్టెలో పెట్టి, మూత వేసి, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని స్కూటరు వెనకాల ఎక్కాడు. పంతులు గారు స్కూటరు మీద అక్షింతలు వేశారు. తొమ్మిదీ యాభై అయిదుకి ల్యాబ్ బండి ఇంజను స్టార్టవుతుండగా పెట్టె లోపల పడింది.

అతను తిరిగొచ్చేసరికి మగవాళ్ళందరినీ డాబా మీదికి తరిమేసి ఉన్నారు. హాల్లో లావణ్య గోడకి కాగితం అంటించి గళ్ళు గీసింది. ఆడవాళ్ళు చుట్టూ చేరి తేదీలు చెబుతున్నారు. నానాజీ పెళ్ళాం, "నాకూ ముందు వారం అంతా తలపోటేనమ్మా, ఈయన బెల్లం వాసన వల్ల అనుకునీదాన్ని" అంటోంది. లావణ్య మాత్రం టీచరు గొంతుతో, "ఇవి ఉన్నంత మాత్రాన అదే అనేసుకోకూడదు. రాసుకోండి, డాక్టరుకి చూపించండి. నువ్వులుండ తిని ఇంట్లో కూర్చుంటే కుదరదు" అని గట్టిగా చెబుతోంది.

వంటింట్లో ఇద్దరే దొరికినప్పుడు లావణ్య భర్త వైపు చూసింది.

"మైకులో చెప్పారు."

"వేరే దారి లేకపోయింది."

"ఛాతీ సంగతి కూడా చెప్పారు."

"మొదలెట్టేక ఆగలేదు. అలవాటు లేదు కదా."

లావణ్యకి నవ్వొచ్చింది. ఆ పాడు వారంలో ఆవిడ నవ్వడం ఏడాదిలో అదే మొదటిసారి. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. త్రినాధరావు కంగారుపడి అలవాటు ప్రకారం క్షమాపణ చెప్పబోయి, ఇది ఏడుపు కాదని గ్రహించి ఊరుకున్నాడు.

శనివారం రిపోర్టు వచ్చింది. మూడు పాయింటు ఒకటి. డాక్టర్ ఉషశ్రీ చూసి తల పంకించారు. "తక్కువే. నా అనుమానం నిజమే లావణ్యా. భయపడాల్సిందేం లేదు, దీనికి మందుంది. నిద్ర, తిండి ఇలాగే కొనసాగించు. వచ్చే నెల ఇరవయ్యొకటో రోజున మళ్ళీ రక్తం చూద్దాం. ముఖ్యంగా ఆ రోజు ప్రశాంతంగా, హడావిడి లేకుండా ఉండాలి" అన్నారు.

తలుపు తోసుకుని నూకరత్నం లోపలికొచ్చింది. వెనకాల గుమ్మంలో, చేతుల్లో తేదీల కాగితాలతో కోటవురట్ల ఆడవాళ్ళు పన్నెండు మంది నిలబడి ఉన్నారు.

"హడావిడి ఉండదు డాక్టరమ్మా, ఈపాలి మైకు పెట్టించను. తొట్టె కూడా తేను, ఊపేత్తన్నారు. కానీ అంత దూరం నుంచి వచ్చినోళ్ళకి భోజనాలు ఎట్టకుండా ఎలాగ పంపుతాను? మొన్న బూరెలూ పులిహోరా ఎట్టేను. ఈ హార్మోనుకి అవి పనికొత్తాయా, ఇంకేటైనా వండించమంటారా?"

డాక్టరు గారు లావణ్య వైపు చూశారు. లావణ్య త్రినాధరావు వైపు చూసింది. త్రినాధరావు గొంతు సవరించుకుని, "నలభై మంది ఉంటారండి" అన్నాడు.

చీటీకి ఒకవైపు మందులు, రెండోవైపు నలభై మందికి వంట రాసి డాక్టరు గారు కింద సంతకం పెట్టారు.